రబ్బరు మొగం

నరసన్న నోరు ఒక్కనాడన్నా ఊరుకుంటుందా, నువ్వే చెప్పు. ఎంత బతిమాలుకున్యా వాణ్ణి. బైబిలు మీద చెయ్యి పెట్టించినా. అయినా చెప్పేసినాడే మీ తమ్మునికి. నిన్న సంతలో, మిరపకాయల గోతాల కాడ నిలబెట్టి చెప్పేసినాడంట. "నీ కాలు కోసింది ఇంకెవురో కాదు ఏసేపూ, మీ బావే" అని.

పొద్దున్నే వచ్చినాడు ఏసేపు ఇంటికి. అందుకే నేనిట్ల నీ కాడికి వచ్చినా. ఆదివారం కాని రోజు ఈయన సమాధుల దొడ్లోకి ఎందుకొచ్చినాడా అనుకుంటాండావేమో. ఇంకెవురితో చెప్పుకునేది జ్ఞానమణీ? పాస్టరయ్యతో చెప్తే రా సుందరం, ప్రార్థన చేద్దాం అంటాడు. చేసినాలే, శానా చేసినా. ఇప్పుడు వినే మనిషి కావల్ల.

ఉండు, ఈ కంప పక్కకు లాగుతా. మేకలు దూరి నీ చుట్టూ నాటిన బంతిమొక్కలన్నీ మేసిపోయినాయి.

నీకు మొదట్నుంచి చెప్పల్ల. నువ్వు పోయినాక జరిగింది గదా ఇది. నీ ముందర నిలబడినప్పుడంతా వాడు బాగుండాడు అని చెప్పి పోతాంటి. అంతకు మించి నోరు రాలే.

పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకోని ఏమన్యావు? "అమ్మానాయన లేనోడు, నేనే సాకినా, ఇంగ నువ్వే సూసుకోవల్ల" అన్యావు. సూసుకుందామనే గదా నేనుండే ముగ్గురాయి గనిలోనే వాణ్ణి పనికి పెట్టించింది. పైన రేకుల గదిలో నేను కాంపౌండర్ని, కింద సొరంగంలో వాడు రాయి తవ్వేటోడు. మధ్యాన్నం ఇద్దరం ఒకే గిన్నెలో తింటాంటిమి. మైదుకూరు కాడ ఒక పిల్లను గూడా సూసి పెట్టినా వానికి.

రాజధాని కర్నూలు ఇడిచి హైదరాబాదుకు పోయింది సూడు, ఆ ఏడు. ఎండలు ముదురుతాండాయి. కింద రాతికి బెజ్జాలేసి, మందు కూరి పేల్చినారు. అన్నీ పేలినాయనుకోని, పొగ పోయినాక మనుషులు మళ్లా దిగినారు. ఒకటి పేలకుండా ఉండిపోయిందే. అందరికంటే ముందర ఉండేది ఏసేపు.

నేను మందుసీసాలు కడుగుతాండా. నేల అదిరింది. బయటికి ఉరికినా. సొరంగం నోట్లో నుంచి పసుపుపచ్చ పొగ వస్తాండాది. ఒకరి మీద ఒకరు పడి దగ్గుకుంటా అందరూ బయటికొచ్చినారు. వాడు రాలే.

మేస్త్రీ ఉరుకుందప్ప పట్టుకుంటాన్నా ఆగకుండా తడిగుడ్డ కట్టుకోని లోపలికి పోయినా. నాలుగడుగులు పోయినానో లేదో కింద పడిపోయినా. నడుముకు తాడు కట్టింటే ఈడ్చి బయటేసినారు. లేకుంటే ఆ పొద్దే నీ పక్కన పండుకునేవాణ్ణి.

కంపెనీ ఆఫీసులో గోడకు ఒక రబ్బరు మొగం తగిలించి ఉండె. రెండు గుండ్రటి అద్దాలు, మూతి కాడ నుంచి ఏనుగు తొండం మాదిరి పొడుగాటి గొట్టం. గొట్టం చివర కమ్మరోళ్ల తిత్తి లాంటిదొకటి. బయట ఒకడు కూర్చోని ఆ తిత్తి తొక్కుతాంటే లోపలుండే మనిషికి మంచిగాలి వస్తాది. ఉండేది ఒక్కటే. అది నేను తగిలించుకున్యా. నరసన్న తిత్తి కాడ కూర్చున్యాడు.

మీ తమ్ముడు గోడవార పడి ఉన్యాడు. నేల కాడ ఏదో రాతిసందులో నుంచి సన్నగా గాలి వస్తాన్నట్టుంది, అందుకే ఇంకా పానం ఉండాది. మోకాలి కింద నుంచి కాలు బండ కింద. గడ్డపార పెట్టి కొంచెం కదిపి సూసినా. పైకప్పు నుంచి మట్టి జలజలా రాలింది. పైనుండే బరువంతా ఆ బండే మోస్తాండాదని అప్పుడు తెలిసింది.

మళ్లా బయటికొచ్చినా. రాజంపేట డాక్టరు కోసం లారీ పోయింది, ఆయన వచ్చేసరికి పొద్దు గూకుతాది. అంతసేపు ఆ గాలిలో బతకడు వాడు. బర్మా యుద్ధంలో డాక్టర్లు కాళ్లూ చేతులూ కోస్తాంటే పక్కన నిలబడి కత్తులు అందించినోణ్ణి నేను. అందించినా అంతే. కోయలే ఎప్పుడూ.

ఉరుకుందప్ప రంపం, కత్తులు, సూదిమందు ఉండే సంచి తెచ్చి చేతికిచ్చి మొగం తిప్పుకున్యాడు.

మళ్లా లోపలికి పోయేసరికి వానికి తెలివొచ్చింది. నడుముకు కట్టుకున్న బ్యాటరీ లైటు వెలుగు కిందికే పడుతాండాది. వానికి నా చేతులు కనపడతాయి, మొగం కనపడదు. కనపడినా ఏముండాది, రెండు అద్దాలు.

"ఎవురప్పా నువ్వు?" అన్యాడు.

నేనే అబ్బీ అన్యా. నా మాట నా చెవుల్లోనే గుయ్యిమంది. రబ్బరు దాటి పోలే. గొంతు చినిగేటట్టు అరిచినా. లోపల అద్దాలకు ఆవిరి పట్టింది, అంతే.

సూదిమందు ఏసినా. అది ఎక్కేదాకా ఆగే టయిము లేదు. తొడకు బెల్టు బిగించినా. చేతులకు రబ్బరు తొడుగులు, వాటి నిండా చెమట, కత్తి జారుతాండాది. అద్దాలు తుడుచుకుందామంటే ఆవిరి లోపలి పక్క ఉండాది. ఎముక యాడుందో వేళ్లతో తడుముకుంటా సూసుకున్యా.

కత్తి సూసినాడు వాడు. నేనేం చేయబోతాండానో తెలిసిపోయింది.

"వద్దప్పా, నీ కాళ్లు మొక్కుతా. మా బావ పైన ఉండాడు. కాంపౌండరు సుందరం. ఆయన్ను పిలువు. ఆయన వచ్చి చెప్తే కోయించుకుంటా" అన్యాడు.

విన్నావా? బావ వచ్చి చెప్తే కోయించుకుంటాడంట.

వాని పెదాలు నల్లబడతాండాయి. రబ్బరు మొగం పీకి వాని మొగానికి పెట్టినా. నాలుగు గుక్కలు పీల్చనీలే అని. అప్పుడు నా మొగం బయటే ఉండాది జ్ఞానమణీ. నా నోరు వాని చెవికి జానెడు దూరంలో ఉండాది. ఒక్క మాట చాలు. అబ్బీ అంటే చాలు. అయితే ఊపిరి బిగబట్టుకోని ఉండా. నోరు తెరిస్తే ఆ గాలి లోపలికి పోతాది. ఒకసారి పడిపోయినోణ్ణి గదా, అది ఎంత బిరీన పడేస్తాదో నాకు తెలుసు. నేను పడితే ఇద్దరం ఆడ్నే. అందుకని వాని తల మాత్రం నిమిరినా. నువ్వు నిమిరేదానివి సూడు, నుదుటి మీద నుంచి వెనక్కి, అట్ల. తొడుగులు ఉండె చేతులకు, నెత్తురుతో. వాడు తల పక్కకు తిప్పుకున్యాడు.

మళ్లా నేను తగిలించుకోని పని మొదలుపెట్టినా.

అది చెప్పను నీకు. వాడు నీ చేతుల మీద పెరిగినోడు. ఒక్కటి చెప్తా. రంపం నడిచినంతసేపూ నేను వాణ్ణి పిలుస్తానే ఉండా. ఏసేపూ, అయిపోయింది నాయనా, అయిపోయింది అబ్బీ, అని. వాడు బావా బావా అని అరుస్తానే ఉండాడు. ఇద్దరం ఒకర్నొకరం పిలుచుకుంటాండాం. వాని అరుపు నాకు వినపడతాండాది, నాది వానికి వినపడలే.

బయటికి తెచ్చేసరికి వానికి స్పృహ లేదు. సాయంత్రం డాక్టరొచ్చి గాయం సూసి, కడప పెద్దాస్పత్రికి తీస్కపోదాం పా సుందరం, బతుకుతాడు అన్యాడు.

బతికినాడు. అయితే ఆస్పత్రిలో నర్సమ్మ మూతికి గుడ్డ కట్టుకోని కట్టు మార్చేకి వస్తే మంచం అదిరేటట్టు వణికిపోయినాడు. నా చెయ్యి దొరకబుచ్చుకున్యాడు. "యాడికి పోయినావు బావా? నువ్వుండింటే నా మీద చెయ్యి వెయ్యనిచ్చేటోనివా వాణ్ణి?" అన్యాడు.

ఆ మొగం సూస్తా నేనేమని చెప్పల్ల? మందులకు రాజంపేట పోయింటి అబ్బీ అన్యా. కోసింది ఎవురో కొత్త మనిషి, కంపెనీ పంపించింది అన్యా. ఉరుకుందప్పకూ నరసన్నకూ అదే చెప్పమన్యా.

ఇంగ దాని మీదే నడిచిపోయింది. మైదుకూరు పిల్ల మాట తప్పలే, చేసుకున్యాది వాణ్ణి. స్టేషను కాడ సైకిళ్లు బాగు చేస్తాడు ఇప్పుడు. బిడ్డకు నీ పేరే పెట్టినాడు. వాడు నిలదొక్కుకున్యాడు. నేనే, కమ్మరి కొట్టం ముందర పోలేను. తిత్తి కొట్టే శబ్దం వింటే ఊపిరి ఆడదు. తెల్లారగట్ల లేస్తే రెండు చేతులూ మొగం మీద ఉంటాయి, గోళ్లతో పీకుతాంటా. చెంపల మీద ఈ గీతలు సూడు. గడ్డం గీసుకునేటప్పుడు తెగినాయని చెప్తా అందరికీ.

ఈ పొద్దు వచ్చి గడప కాడే నిలబడినాడు, చంకకర్రల మీద.

"నరసన్న ఇట్లంటాండాడు బావా. తాగి కూస్తాండాడనుకోని కొట్టినంత పని చేసినా. నాకు తెలీదా? అది మనిషి మాదిరే లేదు. నేను బావా బావా అని ఏడుస్తాంటే పంది మాదిరి గురగురమంటాండె. మా బావయితే ఒక్కతూరన్నా అబ్బీ అనడా, అన్యా వానితో."

చేతిలో చెంబు ఉండె, దాన్ని కింద పెట్టినా.

"నువ్వు కాదు గదా బావా?"

ఆ అడగడం ఎట్ల అడిగినాడనుకున్యావు. చిన్నప్పుడు జరం వస్తే, నేను సచ్చిపోను గదక్కా అని నిన్ను అడుగుతాండె సూడు, అట్ల.

"కాదు అబ్బీ" అన్యా. "నేనైతే పలకనా?"

అప్పుడు లోపలికొచ్చి కూర్చున్యాడు. రాత్రంతా నిద్ర లేదంట. సంగటి పెడితే కడుపు నిండా తిని, నా మంచం మీదే పండుకున్యాడు.

అబద్ధం చెప్పినానని నీకు కోపమేమో. నిజం చెప్పింటే ఏమైతాండె? ఇప్పుడు వానికి కలలో వచ్చేదానికి మొగం లేదు. చెప్తే నా మొగం వస్తాది దానికి. కాలైతే పోనే పోయింది, బావ గూడా ఎందుకు పోవల్ల వానికి?

నేను పలికినానే. నువ్వన్నా నమ్ము. నమ్మకున్యా పర్వాలేదులే, ఇంగేం చేసేది.

పోతా. వాడు లేస్తే ఇంట్లో ఎవురూ లేకుంటే వెతుక్కుంటాడు.