వదులు కట్టు

వద్దన్న గద సైదమ్మక్కా! గా గొర్రెపిల్లను తీస్కపోయి దొడ్లె కట్టెయ్. నేనొచ్చినప్పుడల్లా గిదే లొల్లి. అంబులెన్సుల పని జేసుడు నా కొలువు, దానికి గొర్రెపిల్లను ఇస్తరా ఎవరన్న?

చాయ్ గూడ వద్దు. జర కూసో. నీకొక మాట చెప్పనీకె వచ్చిన.

బయట మీ ఆయన పర్వతాలన్న ఏమంటుండో ఇన్నవా? ఊతకర్రకు ఆనుకోని పక్కింటోళ్లకు చెప్తుండు. "పాము కరిస్తే మా ఇంటిది సోయి లేక చీరపేలిక వదులుగ కట్టింది, గందుకే దవాఖానల కాలు తీసేసిండ్రు. నిరోష మేడం వచ్చి గట్టిగ కట్టవట్టే పానమన్న నిలిచింది" అని నన్ను మెచ్చుకుంటుండు. ఏడాది కావస్తాంది, గిదే పాట. నువ్వేమో గది ఇనుకుంటనే నాకు చాయ్ వోస్తున్నవ్.

నిన్న మొన్న పాలమూరుల మాకు ట్రైనింగ్ అయింది. అంబులెన్సుల పనిజేసేటోళ్లను ఏడాదికోపాలి పిలుస్తరు, రెండు రోజులు. పాత పద్ధతులల్ల ఏం మారిందో మళ్లా నేర్పుతరు. నిన్న పాముకాటు పాఠం. సారు తెర మీద ఒక నల్లవడ్డ కాలు చూపెట్టిండు. "గట్టిగ కడితే నెత్తురు ఆగి కాలు చస్తది. కదలకుండ కట్టెకు ఆనిచ్చి, వదులుగ కట్టి, జల్ది దవాఖానకు తేవాలె" అన్నడు. "బిగిచ్చి కట్టినోళ్లు ఎవరన్న ఉన్నరా ఈడ?" అని అడిగిండు.

నేను చెయ్యెత్తలే.

గా దినం నువ్వేం జేసినవో యాదికుందా? ఊరి ఆశా వర్కర్ జంగమ్మ చెప్పిందని, ఆయన గొర్లు మేపే కట్టెనే కాలుకు ఆనిచ్చి, పేలికతోని వదులుగ కట్టినవ్. బడి మొఖం సూడని నువ్వు సరిగ్గ జేసినవ్ తల్లీ! నేనొచ్చి నవ్విన. "గిట్ల కడితే విషం ఆగుతదా, ఏం మనిషివి నువ్వు?" అని మంది ముంగట నిన్ను తిట్టిన. నీ పేలిక ఇప్పి పారేసి, గొర్రెపిల్ల మెడల తాడు తీసి మోకాలు కింద బిగిచ్చిన. మక్తల్ దాటినంక ఆయన ఒకటే మొత్తుకునుడు. "జర ఓర్చుకో అన్నా" అన్న. పాలమూరు దాక గంటన్నర, ఇప్పలే.

ఏమంటున్నవ్? అప్పుడు నాకు ఎరుక లేకుండె, తప్పేముంది అంటవా?

ఎట్ల ఎరుకయితదక్కా! నిరుడు గూడ గిదే పాఠం చెప్పిండ్రు. పర్వతాలన్నకు పాము కరిసుడుకు నెల ముంగటనే. పొద్దుగాల సంతకం పెట్టి, నేనూ నాతోటి పనిజేసే శైలజా వెనక తలుపుకెల్లి జారుకున్నం. మా చెల్లె లగ్గానికి చీరలు కొననీకె. "ఎనిమిదేండ్లసంది జేస్తున్నం, మనకు రానిదేముంది?" అని నవ్వుకున్నం గూడ. కాయితం మీద మాత్రం పాఠం ఇన్నట్లే ఉంది.

ఆయనకు చెప్పొద్దంటవా? చెప్తే రేపు ఊరోళ్లెవరూ అంబులెన్స్ ఎక్కరంటవా? నిజమే గావొచ్చు. గట్లని నా తప్పు నీ మెడకు చుట్టి, నేను మేడం అనిపిచ్చుకోని తిరగాల్నా?

అగో, పిలుస్తుండు. వస్తున్న పర్వతాలన్నా!

గా గొర్రెపిల్ల మెడల తాడు ఇప్పి నాకియ్యక్కా. ఎంత బిగిచ్చిన్నో ఆయనకు నేనే చూపెట్టాలె.