దొంగతనాలు లేని ఊరు

గురువారం సంతలో, జున్ను అమ్మే బల్ల ముందు, పట్టణ రక్షణ సంఘం అధ్యక్షురాలు ముసలాయనను ఆపింది. అతని చేతిలో, బెంచీ ఎవరో ఎత్తుకుపోయారని పోలీసులకు రాసిన ఫిర్యాదు ఉంది.

“దొంగతనం అని రాయకండి పెద్దాయనా. ‘కనిపించడం లేదు’ అని రాస్తే చాలు.”

“దాన్ని రాళ్లలోకి బోల్టులు వేసి బిగించారమ్మా. నాలుగు కాళ్లున్నాయని బెంచీ నడిచి వెళ్లిపోయిందా?”

“ఈ ఏడాది మన ఊళ్లో దొంగతనాలు సున్నా. అత్యంత సురక్షితమైన సంత పట్టణం ఏదో తేల్చడానికి సోమవారం పోటీ వాళ్లు వస్తున్నారు.”

“సున్నానా? మరి చర్చి కప్పు మీది సీసం రేకులు?”

“గాలికి ఎగిరిపోయాయని రాశాం.”

“మాంసం కొట్టువాడి వ్యాను?”

“ఎక్కడ నిలిపాడో మరిచిపోయాడు, పాపం.”

“ఆ బెంచీకి నా భార్య పేరున్న ఇత్తడి బిళ్ల ఉంది. ఆమె పోయిన దగ్గర్నుంచీ నా పొద్దుటి టీ అక్కడే.”

“అయ్యో, డోరీన్ అంటే నాకెంత అభిమానమో! అక్కడో పెద్ద పూలకుండీ పెట్టిస్తాం. బెంచీ ఉండేదని ఎవరికీ గుర్తుండదు.”

ముసలాయన ఫిర్యాదును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అమ్మయ్య! మీరు అర్థం చేసుకుంటారని నాకు తెలుసు.”

“అర్థమైందమ్మా. సోమవారం ఆ కుండీ పక్కనే నేల మీద కూర్చుంటాను. పోటీ వాళ్లు అడిగితే ఒక్క అబద్ధం కూడా చెప్పను. ‘మొన్నటిదాకా నా డోరీన్ ఇక్కడే ఉండేది, ఈవిడగారు ఆ చోట పూలకుండీ పెట్టించింది’ అంటాను. ఆపైన ఏమనుకుంటారో వాళ్లిష్టం.”