కాయితంలో లేని కిటికీ

ఇదన్నాయం కాదేటి బాబూ! 'గది పాడుసేసీసింది' అని నా మీద ఠేసన్లో రాయించీసి, ఆ ఇల్లుగలాయన సక్కా మీ కుర్సీలో కూకుని, మీ టీ తాగి ఎల్లిపోనాడు. నాను మాత్రం పొద్దుట్నించి ఈ స్టూలు మీదే. దీనికి మూడు కాళ్లే సరిగ్గున్నాయి, ముందే సూసుకోండి. తరవాత ఇదీ నానే ఇరగ్గొట్టినానంటారు!

పేరా? కాసులమ్మ. ఉండేది అంకులిలో. పట్టుచీరలకి ఫాల్ కుడతాను, జాకిట్లు కుడతాను. బైట బెంచీ మీద తల దించుకుని కూకున్నాడే, ఆయనే మా ఆయన. తాపీ మేస్త్రీ.

మీరూ తెలుగోరేనా? అమ్మయ్య! ఒడియాలో నాకు బేరాలొచ్చు, తిట్లొచ్చు. గోడు సెప్పుకోడానికి మాత్రం తెలుగే కావాల.

ఏటయ్యిందంటే, తొమ్మిదేళ్ల కిందట ఈ వెంకటరమణమూర్తి గారి పెరటి గదిలో అద్దెకి దిగినాం. 'ఏయ్ భడాటియా' అని ఒడియాలో పిలిచేవోడు. అద్దెకున్నోల్లకి పేర్లుండవు గావాల!

గదంటే నాలుగు గోడలు, ఒక తలుపు. అంతే. కిటికీ నేదు. పట్టపగలు సూదిలో దారం ఎక్కించాలన్నా గుమ్మంలో కూకోవాల, ఒచ్చేపోయేవోల్ల సేత కాళ్లు తొక్కించుకోవాల. కిటికీ పెట్టించండి బాబూ అంటే ఏటన్నాడో తెలుసా? 'కిటికీ ఉంటే దొంగలొస్తారమ్మా' అన్నాడు. మా గదిలో దొంగ దూరితే ఆడే జాలిపడి పదో పరకో ఎట్టి ఎల్లిపోతాడు!

ఆకరికి మా ఆయన, 'మీకు కర్చు నేదండి, నానే పెట్టుకుంటాను' అని బతిమాలితే తల ఊపినాడు. ఎక్కడో పాతిల్లు పడగొడతంటే సెక్క కిటికీ ఒకటి సైకిలు మీద మోసుకొచ్చినాడు మా ఆయన. రెండ్రోజులు గోడ తొలిచి బిగించినాడు. మూడో పొద్దు గదిలో ఎండ పడింది బాబూ. ఆ ఎండలో మా మంచం కింద ఎంత దుమ్ముందో అప్పుడు కనబడింది. సిగ్గుతో సచ్చిపోనాను!

తరవాత కొళాయి లాగించుకున్నాం. గోడకి మేకులు కొట్టుకున్నాం. తొమ్మిదేళ్లు గడిసిపోనాయి.

మొన్న వైశాఖంలో మూర్తి గారొచ్చి 'కాసులమ్మా' అన్నాడు. పేరెట్టి పిలిచినాడు! అప్పుడే అనుకున్నాను, ఏదో మూడిందని. గది కాళీ సెయ్యాలట. నర్సింగు సదివే గుంటకి రెట్టింపు అద్దెకి ఇస్తాడట. ఆ పిల్లకి గది సూపిస్తన్నప్పుడు నానక్కడే ఉన్నాను. కిటికీ రెక్క తీసి, 'గాలీ వెలుతురూ బాగా వచ్చే గది' అన్నాడు. తనే గోడ తొలిచినట్టు!

సరే, ఇల్లు ఆయనది. ఎల్తాం. ఊర్లో గదులు నేవేటి? నానడిగింది పది రోజుల గడువు. పెల్లిల్ల రోజులు, ఒప్పుకున్న సీరలు సేతిలో ఉన్నాయి. అంతేనా! లోపలికెల్లి కళ్లజోడెట్టుకుని, ఎగ్రిమెంటు కాయితం తెచ్చినాడు. 'గది ఎలా ఇచ్చానో అలా అప్పగించాలి' అని ఒకటే లైను మూడుసార్లు సదివినాడు. మేకులు పీకాల, కన్నాలు పూడ్చాల, సున్నం కొట్టాల, ఆదివారానికి తాళంసెవి ఇచ్చీయాల.

'ఎలగిచ్చినారో అలగేనా అండీ?' అన్నాను.

'అక్షరం పొల్లు పోకూడదు' అన్నాడు. పక్కింటి రమాదేవి గారు బట్టలారేస్తా ఇన్నాది, పిలిచి అడగండి.

అలగే సేసినాం! మేకులు పీకినాం, కొళాయి పీకినాం. కిటికీ పీకినాం, ఆ సోట ఇటికలెట్టి గోడ కట్టీసి సున్నం కొట్టినాం. అప్పట్లో గదిలో రెండెలకలు, ఒక తేలు కూడా ఉండేవి. అవి మాత్రం తేనేపోనాను. ఆ తప్పు రాసుకోండి.

పొద్దున్న ఆయనొచ్చి తలుపు తీస్తే లోపలంతా సీకటి. పోయిన ఉంగరం ఎతికినట్టు గోడంతా తడుముతున్నాడు! 'కిటికీ ఏదే?' అని అరిసినాడు. 'ఏ కిటికీ అండీ? కాయితంలో ఉందా?' అన్నాను.

ఇదిగో కాయితం. సదవండి. కిటికీ అన్న మాట ఉందా? నేదు కదా! నవ్వండి బాబూ, నవ్వండి. కేసవ్వదంటారా? ఎల్లమంటారా?

లేవదేటా అని సూస్తన్నారు కదూ.

ఒక మాటుంది బాబూ.

గోడ సగం లేసినాక ఆ నర్సింగు పిల్ల ఒచ్చినాది. రేష్మ. చమఖండి ఊరి పిల్ల. వాళ్ల నాన్న సముద్రంలో వేటకెల్తాడట. ఆరు నెలల అద్దె ముందే కట్టీసి, హాస్టల్లో మంచం ఒగ్గుకున్నాది. సేతిలో పూల గుడ్డ. 'ఆంటీ, కిటికీకి పరదా కుట్టిస్తారా, కొలతకొచ్చినాను' అంది. అప్పుడు గోడ సూసినాది. ఆ గుడ్డ మడతెట్టి సంచీలో దాసుకున్నాది.

మా ఆయన తాపీ కింద పెట్టీసినాడు. 'ఈ పిల్లేటి సేసిందే? ఒగ్గీయే' అన్నాడు.

నానొగ్గనేదు. ఆ తాపీ నానే తీసుకున్నాను. మిగిలిన నాలుగు వరసలూ నానే కట్టినాను. వంకరగా ఉన్నాయి, ఎవులు సూసినా సెప్తారు, అవి మేస్త్రీ సేతివి కావని.

మూర్తి గారికేటి బాబూ? మళ్లీ గోడ తొలిపించడానికి పైసా తియ్యడు. తీసుకున్న అద్దె తిరిగివ్వడు. సీకట్లో కూకుని సదువుకోవాల్సింది ఆ గుంట. అది నాకప్పుడే తెలుసు. తెలిసే కట్టినాను. ఇంకొకర్తి ఒచ్చి నా కిటికీకి పరదా కడతాదంటే ఒల్లు మండిపోనాది. అంతే. మరేటీ నేదు.

రాస్తే అది రాసుకోండి. మా ఆయన్ని ఇంటికి పంపీండి.

ఏటీ? దానికి సెక్షను నేదా?

ఉంటే బాగున్ను బాబూ.