కెమెరా పక్కన మనిషి

ఫోన్ మోగేసరికి నటి ముఖం మీద మేకప్ సగమే తుడిచి ఉంది. పదిహేనేళ్లుగా ఆ ముఖాన్ని దిద్దుతున్న మేకప్ అక్క, దూది చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"అక్కా! మన సినిమా విదేశీ ఫిల్మ్ ఫెస్టివల్‌కి సెలెక్ట్ అయింది! ఆఖరి సీన్లో నా చూపుకి అందరూ ఏడ్చారట."

"ఏడవరా మరి? నీ కథ నువ్వే రాసుకుని, నువ్వే చేస్తివి. కదలకు, కన్ను మండుతుంది."

"ఇద్దరికి విమానం టిక్కెట్లు పంపుతారట. ఆయన్ని పిలవనా?"

"సినిమాలో తిరిగొచ్చాడని బయటా వస్తాడా? మూడేళ్లయింది వాడు నిన్ను వదిలి వెళ్లిపోయి."

"ఒక్కసారి అడుగుతానక్కా."

అక్క అద్దంలోంచి చూస్తూ నిలబడింది.

"హలో, నేనే... గొంతు గుర్తుపట్టలేదా?... లేదండీ, పనేం లేదు. ఉంటాను."

ఫోన్ బోర్లా పెట్టింది.

"ఎవరు మాట్లాడేది అన్నాడక్కా."

అక్క కొత్త దూది తీసుకుని మిగతా సగం తుడవసాగింది. చెంప తడిగా ఉందని ఈసారి కసరలేదు.

"ఆఖరి సీన్‌కి హీరో షూటింగ్ నుంచి ముందే వెళ్లిపోతే, అతని బదులు నిన్ను కెమెరా పక్కన నిలబెట్టాం, గుర్తుందా అక్కా?"

"రెండు గంటలు! కాళ్లు పీకేశాయి. నన్ను చూస్తున్నట్టే ఉండి, నిన్ను వదిలిపోయినవాణ్ణి చూశావు."

"నీకు తెలుసా?"

"నీ ముఖం నాకు తెలీదా తల్లీ?"

"రెండో టిక్కెట్ నీదే. పాస్‌పోర్ట్ ఉందా?"

"నాకెందుకుంటుందే?"

"అయితే రేపు పొద్దున్నే నీకు ఫొటో తీయిద్దాం. కెమెరా వెనక నేను నిలబడతాను. నువ్వు నన్నే చూడు."