చౌరస్తా నడుమ బువ్వ

పటాన్‌చెరు చౌరస్తా నడుమ, తణుకు నుంచి ఉద్యోగానికి ఒక్కడే వచ్చిన ఓవర్సీరు కూలీలచేత సున్నంతో గుండ్రంగా గీత గీయిస్తున్నాడు. అన్నం విస్తరి పట్టుకుని ఒక ముసలామె వచ్చి నిలబడింది.

“గీ ముగ్గేంది సారూ?”

“ఇక్కడ గుండ్రంగా దిబ్బ కడతామమ్మా. బళ్ళూ లారీలూ దాని చుట్టూ తిరిగి వెళ్తాయి. ఇక గుద్దుకోవు.”

“గిది నిరుడే కట్టకపోతిరి సారూ. మా ఆయన గీడనే లారీ కింద పడ్డడు. అమాసకు అమాసకు బువ్వ తెచ్చి పెడుత. నేను పక్కకు జరగంగనే లారీలు తొక్కుతయి.”

ఓవర్సీరు సున్నం పోసే కూలీని ఆగమన్నాడు.

“ఇక తొక్కవమ్మా. దిబ్బ మీదికి ఏ లారీ ఎక్కదు.”

“గట్లైతే నేను గూడ ఆయనతోని కూసోని తింట.”

“చుట్టూ లారీల మోతలో ఎలా తింటారమ్మా?”

“ఉండనీ బిడ్డా. ఇంట్ల ఆ మోత గూడ లేదు.”