వాగు ఎడమ గట్టు

అధ్యక్షస్థానంలో ఉన్న మన నీటి కమిటీ పెద్ద దోన్ ఎవేలియోకి, ముందు వరసలోని పెద్దలకి, కాఫీ చల్లారిపోతున్నా లేవకుండా కూర్చున్న ఊరివాళ్లందరికీ నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊరి నీటి పైపులు చూసుకున్నాను, ఇవాళ్టితో ఆ పని దిగిపోతున్నాను. దోన్ ఎవేలియో ఇందాక నా గురించి చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగానికి కృతజ్ఞతలు. (నవ్వులు)

వెళ్లేముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పైన అడవిలో, వాగు నుంచి మనం నీళ్లు పట్టే చోట, ఆకులు రాలి జల్లెడకి అడ్డం పడకుండా నెలనెలా రెండు గట్ల మీది చెట్టుచేమా నరకాలని కమిటీ నియమం. నరికాననే చెబుతూ వచ్చాను. కాని పంతొమ్మిదేళ్లుగా ఎడమ గట్టు మీద కత్తి పెట్టలేదు. వానాకాలంలో మీ కుళాయిల్లో ధార సన్నబడితే "పైన బురద" అన్నాను. బురద కాదు, ఆకులు. దోన్యా క్లోతిల్దె, తలమీద సబ్బు నురగతో వీధిలోకొచ్చి మీరు నన్ను తిట్టిన తిట్లు న్యాయమైనవే. (నవ్వులు)

జరిగింది ఇది. ఒకరోజు పొద్దున ఎడమ గట్టున నరుకుతుంటే నీళ్ల మీదికి వంగిన ఒక ఆకు తెగి జల్లెడలో పడింది. ఆకు అడుగున గుడ్లు, పక్కనే గోరంత గాజుకప్ప. గెంతి పారిపోలేదు. చేతిలోకి తీసుకుని తిరగేస్తే పొట్ట చర్మంలోంచి గుండె కొట్టుకోవడం కనిపించింది. అది మగది. గుడ్లు ఎండకుండా తడిపేది, వాటిని తినడానికొచ్చే కందిరీగల్ని తన్నేది అదేనట. పిల్లలు పుట్టగానే నేరుగా కింద వాగులోకి జారిపోతాయి. ఆకుని తీగతో కొమ్మకి కట్టి వచ్చాను. మర్నాడు వెళ్తే గుడ్లు ఎండిపోయాయి. కప్ప అక్కడే ఉంది.

అప్పటినుంచి ఆ గట్టు నరకడం మానేసి, రోజూ కొండెక్కి జల్లెడ చేత్తో శుభ్రం చేశాను. "రోజూ పోతున్నావు, అక్కడ ఎవతైనా ఉందా ఏం?" అనేది మా ఆవిడ ఎర్మీనియా. "ఎవతీ లేదు, ఎవడో ఉన్నాడు" అనేవాణ్ణి. (నవ్వులు)

రేపటి నుంచి ఈ పని యోర్లేనీది. ఎల్లుండి నరికే రోజు. గట్టున ఇప్పుడు ఏడు ఆకుల మీద గుడ్లున్నాయి. నియమం మార్చండని కమిటీని అడుగుతున్నాను. మార్చకపోతే చేసేదేమీ లేదు, ఆ అధికారం ఇక నాకు లేదు. అమ్మా యోర్లేనీ, ఇదిగో ట్యాంకు తాళంచెవి. కత్తి మాత్రం ఇవ్వను. అది నా సొంతం.

(సభలోంచి యోర్లేనీ: "కత్తి మా ఇంట్లోనూ ఉంది, దోన్ ఎలియేసర్!" నవ్వులు)

తెలుసమ్మా. అందుకే ఇంతసేపు మాట్లాడాను.

(యోర్లేనీ: "ఆ ఏడు ఆకులూ ఏవో నాకేం తెలుసు? చూపించండి మరి.")

దోన్ ఎవేలియో తల ఊపుతున్నారు. అది అవుననో కాదనో ఈ ముప్పై ఒక్క ఏళ్లలో నాకెప్పుడూ తెలియలేదు. (నవ్వులు) రేపు పొద్దున ఆరింటికి రా, రబ్బరు బూట్లు వేసుకుని. కత్తి ఇంట్లో పెట్టి రా.

ఇన్నాళ్లూ నీళ్లు తక్కువైనా నన్ను ఉంచుకున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. పొద్దున్నే కొండెక్కాలి. సెలవు.