హాజర్

కటక్‌లో వెండి తీగల పనివాళ్ల సందు. దీపాలు పెట్టే వేళకి కాస్త ముందు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి రిటైరైన హేమలతా మహాపాత్ర ఇన్నేళ్లూ ఒక్కతే ఉన్న ఇంటి వరండా. పద్దెనిమిదేళ్లు నిండి అనాథల హోమ్ వదలాల్సిన ఆడపిల్లలకి ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో గదులు చూసిపెట్టే సుభ్ర పరుగుపరుగున వచ్చింది. హేమలత ఆమెకీ ఆ పిల్లలకీ మావుసి, అంటే పిన్ని; సుభ్ర ఆ పిల్లలకి అపా, అంటే అక్క. నెల క్రితం ఈ ఇంట్లో చేర్చిన ఝరణ ఇంకా పని నుంచి రాలేదు.

“అది కాదు మావుసీ, ముందు మీరు కూర్చోండి.”

“నా ఇంట్లో నన్ను కూర్చోమనేది నువ్వేంటమ్మా? నువ్వు కూర్చో సుభ్రా. టీ పెట్టనా?”

“టీకి టైము లేదు. సందు మొదట్లో ఆటో ఆపి వచ్చాను.”

“ఆటో ఎందుకు?”

“ఎందుకేంటి? వచ్చి మీ పిల్లని తీసుకుపొమ్మని ఫోన్ చేసింది మీరేగా!”

“అన్నాను. అంటే మాత్రం? అప్పటికప్పుడు ఆటో వేసుకొచ్చేస్తావా?”

“మరేం చెయ్యను? ఇక్కడ కాదంటే బాలాసోర్ హాస్టల్లో తప్ప ఎక్కడా ఖాళీ లేదు. అంత దూరం పోతే వెండి పని మానుకోవాల్సిందే. తీగ సన్నగా లాగడం ఇప్పుడిప్పుడే చేతికొచ్చిందంట, వాళ్ల ఉస్తాద్ మొన్ననే మెచ్చుకున్నాడు. ఇంతకీ ఏం చేసిందో చెప్పండి. ఏమైనా తీసిందా?”

“ఛీ ఛీ! నోరు కడుక్కో.”

“ఎవరినైనా ఇంటికి తెచ్చిందా?”

“ఎవరిని తెస్తుంది? అడగందే దేన్నీ ముట్టుకోదు. ఫ్రిజ్ తియ్యనా మావుసీ, ఫ్యాన్ వెయ్యనా మావుసీ, స్నానానికి వెళ్లనా మావుసీ. వెళ్లు తల్లీ, నీళ్లు నా అబ్బ సొత్తు కాదు అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.”

“మరి గొడవేంటి?”

“వంకాయలు.”

“ఏంటీ?”

“వంకాయలు. ఆ తర్వాత పర్వల్ కాయలు. ఆ తర్వాత పచ్చి అరటికాయలు. వచ్చిన కొత్తలో రోజూ సరిగ్గా నేను దీపం పెట్టే వేళకి వచ్చి, పోలీసులా నిటారుగా నిలబడి, ‘బజార్!’ అని అరిచేది. గుండె ఆగినంత పనయ్యేది నాకు. సరే, పాపం బజారుకెళ్లాలని ఉందేమో, కుర్రపిల్ల, నాలుగు వీధులు తిరిగొస్తుంది అని డబ్బులూ సంచీ చేతికిచ్చి, వంకాయలు తెమ్మనేదాన్ని.”

“అయ్యో మావుసీ!”

“నవ్వకు. తెచ్చేది. మర్నాడు మళ్లీ ‘బజార్!’ మళ్లీ సంచి. ఫ్రిజ్ తలుపు పడదు. వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. ఇన్ని కూరగాయలేం చేస్తావే అంటే, వండనా మావుసీ అంది. వండవే అన్నాను. వండింది.”

“బాగా వండుతుంది కదా?”

“బాగానే వండుతుంది, ఎవరు కాదన్నారు? బకెట్టుతో వండింది! పప్పూ కూరగాయలూ కలిపి డాల్మా, మూత పెట్టడానికి పళ్లెం చాల్లేదు. ఇద్దరికి వండమంటే ఎంత వెయ్యాలో తెలీదంట. హోమ్‌లో వంటంటే ఊరందరి వంట. ఏం చెయ్యను, సందంతా పంచాను. ఇప్పుడు ఎదురింటి ప్రతిమ గిన్నె పట్టుకొచ్చి, మళ్లీ ఎప్పుడు హేమక్కా అని అడుగుతోంది. ఇన్నేళ్లలో నా గడప తొక్కని మనిషి!”

“అది ‘బజార్’ కాదు మావుసీ. ‘హాజర్’.”

“తెలిసిందిలే, వంకాయలన్నీ అయ్యాక. ఉద్యోగమంతా ఎడమ చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఊరందరి హలోలూ విన్నదాన్ని. ఆ చెవి ఎప్పుడో పోయింది. ఒకరోజు కుడివైపు నిలబడి అరిస్తే అప్పుడు అర్థమైంది.”

“హోమ్‌లో సాయంత్రం రోల్ పిలుస్తారు. పేరు పిలవగానే హాజర్ అనాలి. చిన్నప్పట్నుంచీ అలవాటైపోయింది. మీరు పిలవకపోయినా ఆ టైముకి నోట్లోంచి అదే వచ్చేస్తుంది.”

“అదే మరి! ఇదేమైనా బడా, జైలా? నా ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లేరు అని లెక్క అడిగేవాళ్లెవరు? పోయిన వానాకాలం బాత్రూమ్‌లో జారి పడ్డాను. పొద్దున పాలావిడ వచ్చి తలుపు కొట్టేదాకా అక్కడే ఉన్నాను. ఎవరికి తెలిసింది?”

“రాత్రంతానా? మాకెవరికీ చెప్పలేదే!”

“చెప్పడానికేముంది? తుంటి విరగలేదు. టీ పెట్టనా?”

“టీ సంగతి తర్వాత. ఆ హాజర్ గొడవ మీకు నచ్చకపోతే మానెయ్యమని చెబుతాను. దానికోసం పిల్లని పంపించేస్తారా?”

“నువ్వేం చెప్పక్కర్లేదు, నేనే చెప్పాను. సోమవారం. ఇక హాజర్లూ గీజర్లూ మానెయ్యవే అన్నాను. మానేసింది.”

“ఇంకేం, బాగుంది కదా?”

“ఏం బాగుంది! దీపం పెడతాను, ఇంట్లో చప్పుడుండదు. వచ్చిందా రాలేదా తెలీదు. ఈ మోకాళ్లతో లేచి దాని గదిదాకా వెళ్లి చూసుకోవాలి. చూస్తే అక్కడే ఉంటుంది, గోడకి ఆనుకుని. చెప్పి ఏడవొచ్చుగా!”

“మీరే మానెయ్యమన్నారు.”

“మానెయ్యమంటే మాత్రం అంత ఇదిగా మానెయ్యాలా? అన్నం కూడా సగమే తింటోంది. మొహం చూపించదు. పోనీలే, ఒంట్లో బాగాలేదేమో అని నిన్న దుప్పటి మారుద్దామని గదిలోకి వెళ్లాను. మంచం కింద సంచి. బట్టలన్నీ మడతపెట్టి, దువ్వెనా అద్దం పైన పెట్టి, తాడుతో బిగించి కట్టేసింది. తెలిసిందా?”

“సంచి సర్దుకుందా?”

“సర్దుకుంది. నాకు మాట మాత్రం చెప్పకుండా. నా ఇల్లు నచ్చలేదు. ముసల్దాని నస భరించలేకపోయింది. వెళ్లిపోయేవాళ్లని నేనెందుకు పట్టుకుని వేలాడతాను? నాకేం పట్టింది? అందుకే నీకు ఫోన్ చేశాను. తీసుకుపో.”

“అంటే దాన్ని పంపించడం మీకు ఇష్టం లేదు.”

“నేనన్నానా ఆ మాట?”

“పోనీ ఇష్టమేనా?”

“టీ పెట్టనా?”

“మావుసీ!”

“బాధగా ఉంది. చాలా? సంచి చూసినప్పట్నుంచీ ముద్ద దిగట్లేదు. చెప్పించుకున్నావుగా, ఇక ఊరుకో. అదిగో, గేటు చప్పుడు. వచ్చింది. నేనేం మాట్లాడను, నువ్వే అడుగు.”

“నమస్కారం అపా. ఆటో చూశాను, మీరే అనుకున్నాను. సంచి తెచ్చుకోనా?”

“ఆగు ఝరణా, కూర్చో. సంచి ఎందుకు సర్దావు?”

“వెళ్లాలి కదా అపా.”

“ఎవరు చెప్పారు వెళ్లమని? చెప్పమ్మా. ఇక్కడ నీకేం ఇబ్బంది?”

“ఇబ్బందా? ఏం లేదు అపా. నా గదికి లోపలి నుంచి గడియ ఉంది. కిటికీ ఉంది. మావుసి చేపల పులుసు పెడతారు, తల ముక్క నాకే వేస్తారు.”

“విన్నావా సుభ్రా? తల ముక్క! నచ్చకపోతే తినదుగా! మరి సంచి ఎందుకు కట్టావే?”

“మాట్లాడనన్నారు మీరు.”

“నువ్వుండు సుభ్రా. చెప్పవే. ఎందుకు?”

“మీరు పేరు కొట్టేశారు కదా మావుసీ.”

“నేనా? ఏ పేరు? ఎక్కడ? నేను పెన్ను పట్టుకునే ఎన్నో ఏళ్లయింది!”

“సోమవారం. హాజర్ మానెయ్యమన్నారు.”

“అవును, అన్నాను. అయితే?”

“హోమ్‌లో ఎవరినైనా పంపించేస్తుంటే ముందు రోల్‌లో పేరు కొట్టేస్తారు. రేపట్నుంచి నువ్వు హాజర్ చెప్పక్కర్లేదు అంటారు. అంతే. ఎందుకని అడక్కూడదు. ఆ రోజే సంచి సర్దుకుని పెట్టుకోవాలి, ఆటో ఎప్పుడొస్తే అప్పుడు ఎక్కాలి. ఇవాళొచ్చింది.”

“ఓసి పిచ్చిమొహమా! అరుపు మానెయ్యమన్నాను గానీ, ఇంట్లోంచి పొమ్మన్నానా?”

“మాకు రెండూ ఒకటే మావుసీ.”

“నాలుగు రోజుల్నుంచీ అదే అనుకుంటున్నావా? అదే అనుకుని సగం అన్నం తింటున్నావా?”

“పోయేముందు మీ బియ్యం ఎక్కువ ఖర్చు చెయ్యకూడదని.”

“సుభ్రా, దీన్నేం చెయ్యమంటావు? బకెట్టుతో వండినప్పుడు గుర్తు రాలేదంట నా బియ్యం!”

“నన్నడుగుతారేంటి? మీరూ మీరూ తేల్చుకోండి. నాకు ఆటో వాడికి ఏదో ఒకటి చెప్పాలి.”

“చెబుతాను ఉండు. ఇటు రావే. ఎడమవైపు కాదు, ఇటు, కుడిచెవి వైపు. నిలబడు. మీ హోమ్‌లో పిలిచినట్టే పిలుస్తాను. ఝరణా!”

“...”

“ఝరణా! పలకవేంటే?”

“ఇంటిపేరుతో పిలుస్తారు మావుసీ. మా అందరికీ హోమ్ పేరే పెట్టేవాళ్లు. ఇప్పుడు హోమ్‌లో లేను. ఏం పెట్టి పిలుస్తారు?”

“ఏం పెట్టనక్కర్లేదు. ఈ ఇంట్లో ఝరణ ఒక్కతే. ఝరణా!”

“హాజర్.”

“వినపడలేదు.”

“హాజర్!”

“ప్రతిమకి కూడా వినపడాలి.”

“హాజర్!”

“అదీ! వెళ్లి ఆ తాడు విప్పు. ఆ తాడు నాకు కావాలి, పాత పేపర్లు కట్టుకోవాలి. సుభ్రా, ఆటోని పంపించెయ్.”

“పంపించేస్తాను. మావుసీ, ఇప్పుడు టీ పెట్టండి.”

“పెడతాను. అల్లం వేసి పెడతాను. నువ్వేంటే ఇంకా నిలబడ్డావు? రోల్ అయిపోయిందిగా!”

“అవ్వలేదు మావుసీ.”

“ఇంకేం మిగిలింది?”

“ఇంట్లో ఉన్న అందర్నీ పిలవాలి. ఒక్కరిని పిలిచి ఆపెయ్యకూడదు.”

“అందరూ ఎవరే? ఉన్నది మనిద్దరమేగా!”

“అదే. మిమ్మల్ని ఎవరూ పిలవలేదు.”

“నన్నా? నేనెక్కడికి పోతానే? నన్ను పిలవడమేంటి, నవ్విపోతారు!”

“వానాకాలం బాత్రూమ్‌లో పడిపోయారని పాలావిడ నాకు చెప్పింది. అప్పుడు రోల్ పిలిచి ఉంటే దొరికేవాళ్లు.”

“పలక్కపోతే ఏం చేస్తారే మీ హోమ్‌లో?”

“గేటు మూసేసి, దొరికేదాకా అందరం వెతుకుతాం. దొరికేదాకా అన్నం తినం. పిలవనా?”

“దీపం ఆలస్యమవుతోంది.”

“హేమలతా మహాపాత్ర!”

“...”

“హేమలతా మహాపాత్ర!”

“హాజర్.”